కాన్సరు కణము పనిని ఆపు మాత్రలు

మొలకెత్తిన రాగులు తీపెక్కుట గ్రామములలో అందరెరిగినదే. గింజలోని పిండిని చక్కెరగా మార్చునవి ఎంజైములు. మన శరీరమునందలి ప్రతి కణములోను ఇట్టివి పెక్కు గలవు. ఎంజైమునందు ఒక చిన్న గుంట యుండును. తగిన పదార్థము, తాళములో చెవి ఇమిడినట్లు, అందులో ఇమిడినప్పుడే పని సాగును. వేరొక పదార్థము పోయి అచట కూర్చున్నచో పని ఆగిపోవును. కాన్సరు మందులలో పెక్కింటికి ఈ సూత్రమే ఆధారము.

ఈ మార్గమున తొలి అడుగులలో ఒకటి తెలుగువారిది. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున పనిచేయుచుండగా, వారి బృందము ఫోలిక్ ఆమ్లమును పోలిన అమినోప్టెరిన్‌ను తయారుచేసినది. పెరుగు కణమునకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని వినియోగపరచు ఎంజైమును ఈ పదార్థము అడ్డగించును. బోస్టన్‌లో డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తపు కాన్సరుగల 16 మంది పిల్లలకు దీనిని ఇవ్వగా, 10 మందికి కొంతకాలము ఉపశమించినదని 1948లో ప్రకటించిరి. ఆ యేడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆ జాతికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

అయితే ఫోలిక్ ఆమ్లము మంచి కణములకు సైతము కావలయును గదా! కలుపు తీయబోయి పైరును త్రొక్కినట్లు, ఈ మందు వలన నోటిపూత, రక్తహీనత కలుగవచ్చును. కాన్సరు కణములో మాత్రమే యుండు ఎంజైము దొరకునా యని శాస్త్రజ్ఞులు వెదకిరి.

ఒక దీర్ఘకాలిక రక్తకాన్సరులో అట్టిది దొరికినది. రోగి రక్తకణములలో ఒక క్రోమోజోము విపరీతముగ పొట్టిదై యున్నట్లు 1960లో ఫిలడెల్ఫియా నగరమున గుర్తించిరి. రెండు క్రోమోజోములు విరిగి ముక్కలు మార్చుకొనుటచే, నిలుపుదల లేక పనిచేయు ఎంజైమొకటి పుట్టుచున్నదని పిమ్మట తేలినది. స్విట్జర్లాండులోని ఒక కంపెనీ రసాయనజ్ఞులు, ఇట్టి ఎంజైములను కొంత అడ్డగించు పదార్థమొకదానిని ఎన్నుకొని, దానికి చిన్న చిన్న ముక్కలు చేర్చుచు పోయిరి. ఒక ముక్క చేర్చగా గుంటలో చక్కగ ఇమిడినది. మరియొకటి చేర్చగా నీట కరగి, మ్రింగుటకు వీలైనది. అదియే ఇమాటినిబ్. డాక్టరు బ్రయన్ డ్రూకర్ 1998లో రోగులపై పరీక్ష ప్రారంభించిరి. దినమునకు 300 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని పుచ్చుకొన్న 54 మందిలో 53 మందికి రక్తకణముల సంఖ్య సాధారణస్థితికి వచ్చినది. 2001లో అమెరికా ప్రభుత్వము ఈ మందును ఆమోదించినది.

మన దేశమున దీని పేటెంటు కోరికను సుప్రీంకోర్టు 2013లో త్రోసిపుచ్చుటచే, భారతీయ కంపెనీలు తక్కువ ధరకు తయారుచేయుటకు ఆటంకము తొలగినది.

పంచాయతీ సభ్యులు గమనింపదగిన సంగతి యొకటి గలదు. మాత్రలు పుచ్చుకొను రోగి పొలము పనికి పోగలిగినంతనే, నయమైనదని తలచి వానిని మానుట కద్దు. ఎంజైము పని ఆగినదే గాని వ్యాధిమూలము పోలేదు. రక్తపరీక్షలు జరిపి వైద్యుడు ఆపుమన్ననే ఆపవలెను. ఒక్కొక్కప్పుడు మాత్రలు మానకున్నను వ్యాధి తిరగబెట్టును. అట్టివారిలో కొందరికి గుంట రూపమే మారియుండును. చెవి అరుగుట కాదు, తాళమే మారుట! అట్టివారిలో పెక్కుమందికి పనిచేయు దసాటినిబ్ 2006లో వెలువడినది.