అమ్మ ఒంట్లో మనం ఉంటామా?

ఈసారి గోడపత్రికకు సైన్సు వ్యాసం నన్ను రాయమన్నారు. నేను మా యాడీ గురించి రాస్తున్నాను. మా లంబాడీ భాషలో యాడీ అంటే అమ్మ. అయితే ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదు. మీ అందరి అమ్మల సంగతి కూడా. కాబట్టి మెస్సుకు పోతూ పోతూ సగం చదివి పోకండి. చివరిదాకా చదవండి.

పోయిన నెల పేరెంట్స్ వచ్చే ఆదివారం నాడు యాడీ వచ్చింది. జొన్నరొట్టెలు, పల్లీల పొడి తెచ్చింది. డబ్బా మూత తియ్యబోతే రాలేదు. వేళ్ళు వంగలేదు. నేనే తీశాను. పక్కన కూచున్న మా తండా ముసలామె ఒకామె నన్ను చూసి, "నువ్వు పుట్టినంకనే మీ యాడీ చేతులు ఇట్లయినయ్. అంతకుముందు చెరుకు కొట్టుడుల ఆమెకు సాటి లేకుండె" అన్నది. నన్ను తిట్టలేదు, ఊరికే అన్నది. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పుట్టడం వల్లనే యాడీకి జబ్బు వచ్చిందా?

తెల్లారి సైన్సు మేడంను అడిగాను. మేడం వెంటనే "కాదు" అనలేదు. "మంచి ప్రశ్న. దీనికి దగ్గరి ప్రశ్న మీదనే శాస్త్రవేత్తలు కూడా ఇంకా వాదించుకుంటున్నారు, కూచో" అన్నది. మూడు సాయంత్రాలు స్టడీ అవర్ అయినంక చెప్పింది. నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

మన ఒంట్లో కాపలా

మన రక్తంలో తెల్ల రక్తకణాలు ఉంటాయని ఎనిమిదో తరగతిలోనే చదివాం. అవి మన ఒంటికి కాపలా. మా తండాలో కుక్కలు ఉంటాయి. తండావాళ్ళు ఎంత రాత్రి వచ్చినా అరవవు. కొత్తవాళ్ళు వస్తే మాత్రం ఊరుకోవు. తెల్ల రక్తకణాలు కూడా అంతే. మన కణాలను వదిలేస్తాయి, బయటి సూక్ష్మజీవులు వస్తే మీద పడతాయి.

ఎవరు మనవాళ్ళో వాటికి ఎట్లా తెలుస్తుంది? మన హాస్టల్లో అందరి ప్లేట్లూ ఒక్క తీరే ఉంటాయి. అందుకే ప్లేటు వెనక రోల్ నంబర్ రాసుకుంటాం. మన కణాల మీద కూడా అట్లాంటి గుర్తులు ఉంటాయి. వాటి పేరు హెచ్.ఎల్.ఎ. గుర్తులు. ఇవి సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి.

ఒక్కోసారి కాపలా కుక్కకు పిచ్చిలేచి ఇంటివాళ్ళనే కరుస్తుంది. అట్లాగే తెల్ల రక్తకణాలు గుర్తు తప్పి సొంత ఒంటినే శత్రువు అనుకుంటాయి. ఇట్లా వచ్చే జబ్బులను ఆటోఇమ్యూన్ జబ్బులు అంటారు. కీళ్ళ మీద పడితే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే ఒక రకం కీళ్ళవాతం. మా యాడీకి ఉన్నది ఇదే. చర్మం గట్టిపడి బిగుసుకుపోతే స్క్లీరోడెర్మా. లూపస్ అనేది చాలా అవయవాలను పట్టుకుంటుంది. సినిమా యాక్టర్ సమంత 2022 అక్టోబర్‌లో తనకు మయోసైటిస్ అని అందరికీ చెప్పింది కదా, అది కండరాల మీద పడే ఆటోఇమ్యూన్ జబ్బు.

ఇందులో ఒక వింత ఉంది. ఇవి ఎక్కువగా ఆడవాళ్ళకే వస్తాయి. రుమటాయిడ్ మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ. లూపస్ వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఆడవాళ్ళే. ఎందుకు?

బిడ్డ కణాలు తల్లిలోకి

తల్లి కడుపులో బిడ్డకు అన్నం, గాలి అన్నీ మాయ నుంచే అందుతాయి. తల్లి రక్తం, బిడ్డ రక్తం కలిసిపోకుండా మాయ అడ్డం ఉంటుంది. ఇది నిజమే. కాని అది గోడ లాంటిది కాదు, దడి లాంటిది. అక్కడక్కడ సందులు ఉంటాయి. బిడ్డ కణాలు కొన్ని తల్లిలోకి పోతాయి. తల్లి కణాలు కొన్ని బిడ్డలోకి వస్తాయి.

దీన్ని మొదట చూసినాయన జర్మనీ డాక్టర్ గియోర్గ్ ష్మోర్ల్. 1893లో ఆయన గుర్రపువాతం, అంటే కాన్పు టైంలో వచ్చే ఫిట్స్ వల్ల చనిపోయిన తల్లుల శవాలను పరీక్ష చేశాడు. వాళ్ళ ఊపిరితిత్తుల్లో మాయకు చెందిన కణాలు కనిపించాయి. కడుపులో ఉండవలసినవి ఛాతీ దాకా పోయాయి.

తర్వాత 1969లో కడుపుతో ఉన్న ఆడవాళ్ళ రక్తంలో వై క్రోమోజోమ్ ఉన్న కణాలు దొరికాయి. ఆడవాళ్ళకు రెండు ఎక్స్‌లు, మగవాళ్ళకు ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. ఆడమనిషి రక్తంలో వై కనిపించింది అంటే అది ఆమెది కాదు. కడుపులో ఉన్న మగబిడ్డది. ఇక్కడ మనం ఒకటి గుర్తు పెట్టుకోవాలి. ఎక్కువ పరీక్షలు మగపిల్లల కణాల మీదే చేశారు. వై ఉంటే వెతకడం సులువు, అంతే. ఆడపిల్లల కణాలు కూడా తల్లిలోకి పోతాయి. అక్కడ కూడా కొడుకులకే చోటు అనుకోకండి!

కాన్పు అయినంక ఆ కణాలు పోతాయని చాలాకాలం అనుకున్నారు. 1996లో అమెరికాలో డయానా బియాంకి అనే డాక్టరమ్మ, ఆమె తోటివాళ్ళు కొడుకులను కన్న తల్లుల రక్తం పరీక్ష చేశారు. ఒక తల్లి కొడుకును కని 27 ఏళ్ళు అయింది. ఆమె రక్తంలో ఇంకా మగ కణాలు ఉన్నాయి! 2012లో మరో బృందం, చనిపోయిన 59 మంది ఆడవాళ్ళ మెదళ్ళను పరీక్ష చేసింది. 37 మంది మెదడులో మగ డి.ఎన్.ఎ. దొరికింది. అట్లా దొరికినవాళ్ళలో ఒకామె వయసు 94 ఏళ్ళు.

దీనికి మైక్రోకైమెరిజం అని పేరు పెట్టారు. కైమెరా అనేది గ్రీకు కథల్లో ఒక మృగం. సింహం, మేక, పాము కలిసిన ఒళ్ళు దానిది. మనకు నరసింహస్వామి ఉన్నట్టు. మైక్రో అంటే బాగా చిన్నది. లక్షల కణాల్లో ఎక్కడో ఒకటి రెండు పరాయివి ఉంటాయి, అంతే. పుట్టకముందే కడుపు పోయినా ఆ బిడ్డ కణాలు కూడా తల్లిలో ఉండిపోవచ్చు. మేడం ఇది చెప్పినప్పుడు నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

మరి ఆ కణాలే జబ్బు చేస్తాయా?

ఇది విన్నంక నా భయం ఇంకా ఎక్కువైంది. నా కణాలు యాడీ ఒంట్లో ఉన్నాయి. వాటి మీద సగం గుర్తులు మా నాన్నవి. కాపలా కణాలు వాటిని చూసి రేగిపోయి వేళ్ళ మీద పడ్డాయేమో!

అమెరికాలోనే లీ నెల్సన్ అనే డాక్టరమ్మ 1996లో ఇట్లాంటి ప్రశ్నే వేసింది. ఆమెకు అనుమానం ఊరికే రాలేదు. ఒకరి ఎముక మూలుగు ఇంకొకరికి ఎక్కిస్తే, కొన్నిసార్లు ఎక్కించిన కణాలు ఆ రోగి ఒంటి మీదనే తిరగబడతాయి. అప్పుడు చర్మం గట్టిపడుతుంది. చూడటానికి స్క్లీరోడెర్మా లాగనే ఉంటుంది. అయితే స్క్లీరోడెర్మా ఉన్న తల్లుల్లో కూడా పరాయి కణాలే ఉన్నాయా? 1998లో నెల్సన్ బృందం చూస్తే, జబ్బు ఉన్న తల్లుల రక్తంలో బిడ్డ కణాలు మామూలు తల్లులకంటే ఎక్కువ ఉన్నాయి. అదే ఏడు ఇంకో బృందానికి జబ్బు పడ్డ చర్మంలోనే అవి దొరికాయి.

అయితే తప్పు బిడ్డదే అని తేలిపోయిందా? తేలలేదు. మేడం నాతో మూడు సంగతులు రాయించింది.

ఒకటి. ఏ జబ్బూ లేని తల్లుల్లో కూడా ఈ కణాలు ఉన్నాయి. అవి ఉంటేనే జబ్బు వస్తుంది అంటే ఎంతోమంది తల్లులు మంచాన పడాలి.

రెండు. పిల్లలను కననివాళ్ళకు, మగవాళ్ళకు, చిన్నపిల్లలకు కూడా ఈ జబ్బులు వస్తాయి. పుట్టుకతో వచ్చే జన్యువులు, బీడీ సిగరెట్ల పొగ లాంటివి కూడా రుమటాయిడ్‌కు కారణాలే.

మూడు. ఈ కణాలు మేలు కూడా చేస్తుండవచ్చు. 2001లో ఒక తల్లి థైరాయిడ్ గ్రంథిలో మగ కణాలు దొరికాయి. అవి ఊరికే లేవు, ఆ గ్రంథి కణాలుగానే మారి కలిసిపోయాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగంలో తల్లి ఎలుక గుండె దెబ్బతింటే, కడుపులో ఉన్న పిల్లల కణాలు అక్కడికి చేరి కొట్టుకునే గుండె కణాలుగా మారాయి.

ఒక గుడిసె అంటుకుంటది అనుకోండి. అప్పుడే వచ్చినవాళ్ళకు మంటల దగ్గర నలుగురు కనిపిస్తారు. వాళ్ళే అంటించారా, బిందెలతో నీళ్ళు పట్టుకొని ఆర్పడానికి వచ్చారా? దూరం నుంచి చూస్తే తెలియదు. జబ్బు ఉన్న చోట బిడ్డ కణాలు కనిపించడం కూడా ఇట్లాంటిదే. కొన్ని జబ్బుల్లో చెడు చేస్తుండవచ్చు, కొన్ని చోట్ల బాగు చేస్తుండవచ్చు, కొన్ని ఊరికే ఉండవచ్చు. దీని మీద పరిశోధన ఇంకా నడుస్తున్నది.

మరి "నువ్వు పుట్టినంకనే" అన్న మాట?

ఈ మాటకు కూడా జవాబు ఉంది. 1938లోనే ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు ఒకటి రాశాడు. రుమటాయిడ్ ఉన్న ఆడవాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు చాలామందికి నొప్పులు తగ్గుతాయి. కాన్పు అయిన కొన్ని నెలలకు మళ్ళీ వస్తాయి. ఈయనకే తర్వాత 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. బిడ్డ సగం పరాయి గుర్తులతో ఉంటుంది కాబట్టి, దాని జోలికి పోకుండా తల్లి ఒంట్లో కాపలా తీరు ఆ తొమ్మిది నెలలు మారుతుంది. కాన్పు అయినంక మళ్ళీ మామూలు అవుతుంది. అందుకే రాబోయే జబ్బు చాలాసార్లు కాన్పు తర్వాతే బయటపడుతుంది. బయటపడిన టైం వేరు, కారణం వేరు. ఈ ఒక్క వాక్యం నేను నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.

మందు సంగతి

యాడీకి మొదట్లో బాణామతి అన్నారు. ఒకాయన మణికట్టు మీద వాతలు పెట్టాడు. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంకొక చోట నొప్పి సూదులు ఇచ్చారు. సూది వేసినప్పుడు తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఏడేళ్ళు ఇట్లనే పోయాయి. ఆ తర్వాతే పెద్ద డాక్టర్ రక్తం పరీక్ష చేయించి జబ్బు పేరు చెప్పాడు. అప్పటికే వేళ్ళు వంకర పోయాయి. ముందే పోతే అంత అయ్యేది కాదు.

ఆమె వేసుకునే మందు మెథోట్రెక్సేట్. ఇది రేగిన కాపలాను నెమ్మది చేస్తుంది. దీని వెనక మన తెలుగాయన ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అమెరికాలో లెడర్లీ కంపెనీలో పనిచేశాడు. 1940ల్లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. దాని రూపంలో మార్పులు చేస్తే వచ్చినవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. మొదట వీటిని రక్త కాన్సర్‌కు వాడారు. ఇప్పుడు మెథోట్రెక్సేట్‌ను తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి ఇస్తున్నారు. సుబ్బారావు గారు 1948లో చనిపోయారు.

మనకు బడిలో వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. చేదు అని కిటికీలోంచి పారేసే అక్కలు ఇది గమనించండి!

ఒక జాగ్రత్త. రుమటాయిడ్‌కు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం. కడుపుతో ఉన్నవాళ్ళు వేసుకోకూడదు. యాడీకి చదువు రాదు కాబట్టి నేను క్యాలెండర్ మీద ఆదివారాలకు గుండ్రంగా గుర్తు పెట్టి ఇచ్చాను.

మీ ఇంట్లో ఎవరికైనా పొద్దున లేవగానే వేళ్ళు గంటసేపు బిగుసుకొని ఉన్నా, రెండు చేతుల కీళ్ళూ వాచి ఆరు వారాలైనా తగ్గకున్నా, ఆశా అక్కకో ఏ.ఎన్.ఎం. మేడంకో చెప్పండి. సర్కారు దవాఖానకు తీసుకుపోండి. వాతలు పెట్టనియ్యకండి.

మొన్న ఆదివారం యాడీకి ఇదంతా మా భాషలో చెప్పాను. మొత్తం విని, నా కణాలు తనలో ఉండవచ్చు అన్న మాట దగ్గర మాత్రం మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. "మంచిగనే అయింది. నిన్ను హాస్టల్ల వదిలి పోతుంటే ఒక్కదాన్నే పోతున్న అనుకుంటుంటి" అన్నది. అయినా నాకు ఆమె వేళ్ళు చూస్తే బాధే. కాని తప్పు నాదని ఇప్పుడు అనుకోవడం లేదు. మీలో కూడా ఎవరినైనా "నువ్వు పుట్టినంకనే" అని అని ఉంటే, మీరు కూడా అనుకోకండి.

వ్యాసంలో తప్పులుంటే మన్నించండి. ప్రశ్నలు ఉంటే కాగితం మీద రాసి ఈ గోడపత్రిక కింద డబ్బాలో వెయ్యండి. మేడంను అడిగి వచ్చే సంచికలో రాస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని, జహీరాబాద్