ఎయిర్ బెడ్ వేశాం కదా.. ఇంక పక్కకు తిప్పక్కర్లేదా?

పక్షవాతం వచ్చో, తుంటి ఎముక విరిగో మంచాన పడ్డ పెద్దవాళ్లున్న ఇళ్లు కర్నూలు, కడపల్లో తక్కువేం కాదు. డిశ్చార్జ్ కాగానే చాలామంది ఎయిర్ బెడ్ కొంటారు, లేదా అద్దెకు తెస్తారు. మంచిదే. కానీ బెడ్ ఉంది కదా అని దాదీనో, అబ్బానో ఒకే వైపు పడుకోబెట్టి వదిలేస్తే పుండు పడే ప్రమాదం అలాగే ఉంటుంది.

పుండు ఎందుకు పడుతుంది?

నడుము కింద, తుంటి, మడమలు, తల వెనక ఎముక చర్మానికి దగ్గరగా ఉంటుంది. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగితే రక్తం అందదు. గంటల తరబడి అలాగే ఉంటే లోపలి కండ చచ్చిపోతుంది. పైకి చిన్న మచ్చే కనిపిస్తుంది, లోపల గుంత పడి ఉంటుంది. అది ఎముక దాకా పోయి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కితే ప్రాణానికే ముప్పు. షుగర్ ఉన్నవాళ్లకు పుండు మానడం ఇంకా కష్టం.

బెడ్ ఏం చేస్తుంది?

పంపు ఒక గొట్టం విడిచి ఒక గొట్టానికి గాలి నింపుతుంది, కొన్ని నిమిషాలకోసారి మారుస్తుంది. దాంతో బరువు ఒకే చోట నిలవదు. ఒత్తిడి తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. అందుకే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. రాత్రి ఎంతసేపటికి తిప్పాలో డాక్టర్‌ను అడగండి.

ఇంట్లో చూసుకోవాల్సినవి

పంపు ప్రెషర్ పేషెంట్ బరువుకు తగ్గట్టు పెట్టండి. నడుము కింద, బెడ్ అడుగున చెయ్యి పెట్టి చూడండి. ఎముక చేతికి తగిలితే గాలి చాలడం లేదని అర్థం.

బెడ్ మీద ఒక్క పలుచటి కాటన్ దుప్పటి చాలు. బొంతలు, రబ్బరు షీట్లు పరిస్తే బెడ్ ఉన్నా లాభం తక్కువ.

కరెంటు పోతే పంపు ఆగుతుంది. అప్పుడు తిప్పడం అస్సలు మానొద్దు.

పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడండి. నడుము కింద గుండ్రటి రింగులు వద్దు. పేషెంట్‌ను ఈడ్చొద్దు, ఇద్దరు పట్టి ఎత్తండి.

మన ఎండలకు వీపు చెమటతో తడుస్తుంది. ఒళ్లు తుడిచి ఆరబెట్టండి. డైపర్ తడిస్తే వెంటనే మార్చండి. డాక్టర్ వద్దనకపోతే గుడ్డు, పప్పు, పాలు పెట్టండి.

రోజూ వెలుతురులో ఒళ్లంతా చూడండి. ఎర్రటి మచ్చను వేలితో నొక్కినా తెల్లబడకపోతే అదే పుండుకు మొదలు. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియదు, వేడి, గట్టిదనం తడిమి చూడాలి. అక్కడ రుద్దొద్దు, నూనె మర్దన చేయొద్దు, ఆ వైపు పడుకోబెట్టొద్దు.

చర్మం నల్లబడినా, చీము, వాసన, జ్వరం ఉన్నా ఇంటి మందులతో ఆలస్యం చేయకుండా కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్స్‌కో తీసుకెళ్లండి. డిశ్చార్జ్ అయ్యే రోజే పేషెంట్‌ను ఎలా తిప్పాలో స్టాఫ్ నర్సును చేసి చూపించమని అడగండి. ఇంట్లో ఒక్కరే కాదు, కనీసం ఇద్దరు నేర్చుకోండి.