తిరుగు ప్రయాణము – పసిబిడ్డ నిద్ర

యాత్రకు మూటలు గట్టుట మన మందఱము నెఱుగుదుము. ఇల్లు చేరిన పిదప పసిబిడ్డ దినచర్యను మరల కుదుర్చుటయే కష్టము.

2024వ సంవత్సరము ఫిబ్రవరిలో మేము కాగజ్‌నగరునుండి రైలులో వరంగల్లునకును, అటనుండి బస్సులో మేడారమునకును సమ్మక్క సారలమ్మల జాతరకు బోయితిమి. రెండేండ్ల కొకమారు వచ్చు జాతర యగుటచే బంధువు లందఱును గూడిరి. రెండేండ్లు నిండవచ్చిన మా చిన్నవాడు పగ లమ్మమ్మ యొడిలోను, రాత్రి తాత భుజముపైనను నిద్రించెను. ‘బంగార’ మని పిలుచు బెల్లమే వానికి భోజన మాయెను.

ఇల్లు చేరిన రాత్రి యెనిమిదింటికే పండుకొమ్మంటిమి. వాడు పదింటివఱకు నేడ్చెను. మొండితన మనుకొని కసరితిమి. వాడు లేచి తలుపుచాటున వెదకి “తాత ఏడి?” యనెను. మా తప్పు మాకప్పుడు దెలిసినది.

మఱునాటినుండి నిద్రవేళను గాక మేలుకొను వేళను ముందు సరిచేసితిమి. ఎప్పుడు పండుకొన్నను ఉదయ మాఱున్నరకు లేపి వాకిట వెలుగులో గూర్చుండబెట్టితిమి. శరీరమునకు వేళ దెలుపునది వెలుగే. ఆ యీడు బిడ్డలకు పగటి కునుకుతో గూడ దినమునకు 11 మొదలు 14 గంటల నిద్ర కావలెను. కావున కునుకు మాన్పింపక, మూడు గంటలలోపున లేపితిమి. రాత్రి పండుకొను వేళను దినమునకు పావుగంట చొప్పున ముందునకు జరిపితిమి. దీప మార్పుటకు ముందు, తాత తన యింట పండుకొన్నాడని ప్రతిరాత్రియు జెప్పితిమి.

ఎనిమిదవ రాత్రి యెనిమిదింటికి వాడే “తాత పండుకున్నడు” అని మాకు జెప్పి కనులు మూసెను.