ఆసుపత్రి మార్చాలా, వద్దా?

"అక్కా, ఈసారి కూడా నిలవలేదుట" అని మా చెల్లెలు ఫోను చేసేసరికి నేను గారెలకు పప్పు రుబ్బుతున్నాను. గ్రైండరు ఆపేసి, ఏం మాట్లాడాలో తోచక అలాగే నిలబడిపోయాను. మొదటిసారి పోయినప్పుడు వెక్కి వెక్కి ఏడ్చిన పిల్ల, రెండోసారి ఏడవలేదు. "ఇక ఇక్కడ వద్దక్కా. అత్తయ్యగారు హైదరాబాదులో వేరే ఆసుపత్రి కనుక్కున్నారు. నువ్వు తోడు రావాలి" అంది పొడిపొడిగా.

ఇది చదువుతున్న మీలో కొందరికైనా ఇలాంటి ఫోను వచ్చే ఉంటుంది. లేదా మీరే ఎవరికో చేసి ఉంటారు. 1978 జులై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ పుట్టినప్పుడు టెస్ట్‌ట్యూబ్ బేబీ అని లోకమంతా వింతగా చెప్పుకున్నారు. ఇప్పుడు ఐ.వి.ఎఫ్. బోర్డులు మన బస్టాండు ఎదురుగానే కనిపిస్తున్నాయి. వైద్యం అంత దగ్గరకొచ్చింది. కానీ ఒకటి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ప్రతిసారీ ఫలిస్తుందని హామీ ఇవ్వగలిగినవారు ఎవరూ లేరు.

నేను డాక్టర్ని కాను. ఇంటరుతో చదువు ఆగిపోయి, పెళ్లయి, ఇల్లూ పిల్లలూ చూసుకునేదాన్ని. అయితే మా చెల్లెలి వెంట ఫైలు సంచీ మోస్తూ మూడు ఆసుపత్రుల మెట్లెక్కాను. ఆ తిరుగుడులో నేర్చుకున్నవీ, నేను చేసిన ఓ పొరపాటూ మీకు చెప్పాలనిపించింది.

గారెలు నూనె పీలిస్తే...

గారెలు నూనె పీల్చుకుంటే మనం ముందు మూకుడు మారుస్తామా? పిండి పలచనైందా, నూనె సరిగా కాగలేదా అని చూసుకుంటాం. ఇదీ అంతే. ఒక్కసారి విఫలమైనంత మాత్రాన ఆసుపత్రి చెడ్డదని అనేయకూడదు.

ఇందులో ఎన్ని మెట్లున్నాయో చూడండి. పదీ పన్నెండు రోజులు ఇంజెక్షన్లు. తర్వాత మత్తిచ్చి అండాలు తీస్తారు. వాటిని వీర్యకణాలతో కలిపి, మూడు నుంచి ఐదు రోజులు లేబరేటరీలో పెంచుతారు. అలా తయారైన పిండాన్ని గర్భసంచిలో పెడతారు. ఆ తర్వాత దాదాపు రెండు వారాల ఎదురుచూపు. ఏ మెట్టు దగ్గరైనా జారిపోవచ్చు. చూడ్డానికి చక్కగా ఉన్న పిండం కూడా లోపలి క్రోమోజోముల తేడా వల్ల నిలవకపోవచ్చు. ఆ తేడాలు ఆడవారి వయసుతో పెరుగుతాయి. ముప్పై అయిదు దాటాక ఫలితాలు తగ్గుతూ, నలభై దాటాక బాగా పడిపోతాయి. అందులో డాక్టరు తప్పూ లేదు, మన తప్పూ లేదు. "నువ్వు మెట్లెక్కావు, బరువెత్తావు, అందుకే పోయింది" అనే పెద్దవాళ్ల మాటలు అసలు పట్టించుకోకండి.

మొదటిసారి పోయినప్పుడే చెల్లెలు "వేరే డాక్టరుకి ఓసారి చూపిద్దామా అక్కా?" అని అడిగింది. నేనే ఒద్దన్నాను. "నోము పట్టినట్టే ఇదీను. మధ్యలో వదలకూడదు, ఓపిక పట్టు" అన్నాను. అప్పటికి దానికి ముప్పై ఆరేళ్లు. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత ఎన్ని రాత్రులు అనుకున్నానో!

వెళ్లేముందు ఒకసారి కూర్చోండి

మారాలని మనసులో గట్టిగా ఉన్నా, ముందు ఇప్పుడున్న డాక్టరుగారితో ఒకసారి తీరిగ్గా కూర్చోండి. ఫలితం తెలిసిన రోజున కాదు. ఆ రోజు మనకేదీ బుర్రకెక్కదు. వారం పది రోజులాగి, భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి. ఈ ప్రశ్నలు ఓ కాగితం మీద రాసుకుని వెళ్తే మరీ మంచిది:

• ఎన్ని అండాలు తీశారు? వాటిలో పక్వమైనవెన్ని? ఎన్ని ఫలదీకరణ చెందాయి?

• పెట్టిన పిండం మూడో రోజుదా, అయిదో రోజుదా? దాని నాణ్యత ఎలా ఉంది?

• గర్భసంచి లోపలి పొర మందం ఎంత వచ్చింది? పిండం పెట్టేటప్పుడు ఇబ్బంది ఏమైనా అయిందా?

• గర్భసంచి, ట్యూబులు, థైరాయిడ్, క్షయ, వీర్య పరీక్ష, వీటిలో మళ్లీ చూడాల్సినవి ఉన్నాయా?

• ఈసారి ఏం మారుస్తారు? ఎందుకు మారుస్తారు?

ఆఖరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. మా చెల్లెలి రెండో విడత పోయాక ఆ డాక్టరుగారు మాకిచ్చింది అయిదు నిమిషాలు. "బ్యాడ్ లక్ అమ్మా, వచ్చే నెల మళ్లీ మొదలుపెడదాం" అన్నారు. అవే మందులు, అదే మోతాదు, అదే పద్ధతి. ఏం మారుస్తారని అడిగితే "దేవుడి మీద నమ్మకం ఉంచండి" అన్నారు. దేవుడి మీద నమ్మకం మాకు ఎప్పుడూ ఉంది. మేం అడిగింది ఆయన ఆలోచన.

నిలవలేదని చెప్పి, కారణం వెతికి, తర్వాతి విడతలో ఏది ఎందుకు మారుస్తున్నారో వివరించే డాక్టరు దొరికితే, మరో ఊరి బోర్డు చూసి పరుగెత్తనక్కర్లేదు. అక్కడ మన శరీరం సంగతి వాళ్లకి తెలిసి ఉంటుంది. ఏ మందుకి ఎలా స్పందించిందో లెక్క ఉంటుంది. అది తక్కువ విషయం కాదు.

నూటికి ఎనభై... దేనిలో?

సరే, అత్తగారి మాట కాదనలేక హైదరాబాదు వెళ్లాం. అద్దాల మేడ, చల్లటి గది, గోడ నిండా పసిపిల్లల ఫోటోలు. "మా సక్సెస్ ఎనభై శాతం మేడమ్" అంది రిసెప్షనులో అమ్మాయి. మా మరిదిగారి మొహం వెలిగిపోయింది.

నేను ఊరుకోలేక అడిగాను. "ఎనభై అంటే ఏమిటమ్మా? పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లా, బిడ్డను ఎత్తుకుని ఇంటికెళ్లినవాళ్లా? ఇంజెక్షన్లు మొదలుపెట్టిన అందరిలోనా, పిండం పెట్టించుకున్నవాళ్లలోనా? సొంత అండాలతోనా, దాత అండాలతోనా? మా చెల్లెలి వయసు వాళ్లలో ఎంత?" ఆ అమ్మాయి కంప్యూటర్ వంక చూసింది, నా వంక చూసింది, "డాక్టరుగారు చెప్తారండీ" అంది. డాక్టరుగారు కూడా చెప్పలేదు. ఫైలు తెరవకుండానే ప్యాకేజీ కాగితం ఇచ్చారు. ఈ రోజే కడితే పాతిక వేలు తగ్గింపన్నారు. చీరల దుకాణంలో ఆషాఢం సేలుకీ దీనికీ తేడా ఏమిటో నాకర్థం కాలేదు. మెట్లు దిగొచ్చేశాం.

ఈ లెక్క మీరూ అడగండి. పాతికేళ్ల అమ్మాయిల ఫలితాలు, దాత అండాల ఫలితాలు అన్నీ కలిపి చెప్తే ఏ అంకె అయినా పెద్దగానే కనిపిస్తుంది. మీకు కావలసింది మీ వయసువారిలో, సొంత అండాలతో, బిడ్డ పుట్టిన వారి లెక్క.

ఫైలు మన సొత్తు

వేరే చోటికి వెళ్లాలన్నా, రెండో అభిప్రాయం తీసుకోవాలన్నా పాత కాగితాలన్నీ కావాలి. మందుల మోతాదులు, స్కానులు, లేబరేటరీ వివరాలు, అన్నీ. చాలామంది అడగడానికి మొహమాటపడతారు. డాక్టర్ల ప్రవర్తన మీద 2002లో వచ్చిన నియమావళి ప్రకారం, రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లోగా ఇవ్వాలి. ఓ కాగితం మీద రాసి, తేదీ వేసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మాకు మొదట "రేపు రండి" అన్నారు. రాసిచ్చాక మూడో రోజుకి ఇచ్చేశారు.

మూడోసారి మేం వెళ్లింది చిన్న ఆసుపత్రి. గోడ మీద ఫోటోలు లేవు. డాక్టరమ్మ మాతో మాట్లాడకుండా అరగంట సేపు ఫైలే చదివింది. తర్వాత అడుగున ఉన్న పాత కవరు తీసి, ఎక్స్‌రేని లైటుకి ఎదురుగా పట్టుకుంది. ట్యూబుల్లోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే అది, రెండేళ్ల కిందటిది. "ఎడమ ట్యూబు ఉబ్బి నీరు పట్టి ఉంది. దీని గురించి మీకెవరూ చెప్పలేదా?" అంది.

ఆ నీరు గర్భసంచిలోకి జారి పిండం అతుక్కోకుండా చేస్తుందట. అలాంటి ట్యూబును ముందే తీసేయడమో, మూసేయడమో చేసి ఐ.వి.ఎఫ్.కి వెళ్తే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుందని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలిసిన సంగతేనట.

ఆ కవరు రెండేళ్లుగా నా చేతిలోని సంచీలోనే తిరిగింది. నాకు చదవడం రాదు, నిజమే. చదవడం వచ్చినవారు చదవలేదు. కానీ మొదటిసారే చెల్లెలి మాట విని ఇంకొకరికి చూపించి ఉంటే ఒక విడత ఇంజెక్షన్లు, రెండు లక్షల పైచిలుకు డబ్బు, అన్నిటికన్నా విలువైన ఒక సంవత్సరం మిగిలేవి. రెండో అభిప్రాయం అడగడమంటే డాక్టరుని అవమానించడం కాదమ్మా. ఈ మాట నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ఎప్పుడు మారాలి?

మా అనుభవంలో తేలిందిది. అడిగినవాటికి జవాబు రాకపోయినా, అదే పద్ధతి మళ్లీ చేద్దామన్నా, ఒక్కోసారి ఒక్కో డాక్టరు చూస్తూ ఎవరికీ మీ సంగతి పూర్తిగా తెలియకపోయినా, లెక్కలు ఎప్పటికప్పుడు మారిపోతున్నా, భర్తకు పరీక్షలు చేయకుండా లోపమంతా భార్యదే అన్నట్టు మాట్లాడినా మారడం గురించి ఆలోచించండి. "మగపిల్లాడే పుట్టేలా చేస్తాం" అన్న మాట వినిపిస్తే మాత్రం ఆలోచన కూడా వద్దు, లేచి వచ్చేయండి. అది చట్టప్రకారం నేరం.

కొత్త చోట డబ్బు కట్టేముందు 2021 నాటి ఏ.ఆర్.టి. చట్టం కింద రిజిస్టరైందో లేదో కనుక్కోండి. ఆ చట్టం ప్రకారం ప్రతి క్లినిక్‌లో ఫిర్యాదులు వినే ఏర్పాటు కూడా ఉండాలి. పాతచోట మీ పిండాలు ఫ్రీజ్ చేసి ఉంటే తొందరపడకండి. సొంత పిండాలనైనా సొంత అవసరానికి తరలించాలంటే జాతీయ బోర్డు అనుమతి కావాలని అదే చట్టంలో ఉంది. ఆ తరలింపు ఎలాగో రెండు చోట్లా రాతపూర్వకంగా తెలుసుకున్నాకే అడుగు వేయండి. కొన్నిసార్లు ఆ పిండాలు పాతచోటే పెట్టించుకోవడం మేలు కావచ్చు.

ఇంకో మాట. రెండుసార్లు పోయినవారికి అదనపు చికిత్సల జాబితా పెద్దదే చూపిస్తారు. గర్భసంచి లోపలి పొరను కొద్దిగా గీరితే పిండం బాగా అతుక్కుంటుందని ఒకప్పుడు చాలాచోట్ల చేసేవారు. అయిదు దేశాల్లో 1,364 మంది మీద పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. గీరినవారిలోనూ గీరనివారిలోనూ బిడ్డ పుట్టింది 26.1 శాతానికే! అందుకని ఏ అదనపు చికిత్స చెప్పినా "దీనివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని రుజువైందా? చేయించుకోకపోతే ఏమవుతుంది?" అని అడిగి, అప్పుడు పర్సు తీయండి.

హద్దు కూడా గీసుకోండి

మొదటి రెండు విడతలకే అమ్మ ఇచ్చిన గాజులూ, మరిదిగారి పి.ఎఫ్. డబ్బూ కరిగిపోయాయి. మూడోదానికి ముందు మేమంతా కూర్చుని, ఇంతవరకే ఖర్చు, ఇన్నిసార్లే ప్రయత్నం అని కాగితం మీద రాసుకున్నాం. ఈ హద్దు ఆశ ఉన్నప్పుడే గీసుకోవాలి. నిరాశలో ఉన్నప్పుడు మనిషి ఇల్లు కూడా తాకట్టు పెట్టేస్తాడు.

మరి ఏమయిందంటారా? లాపరోస్కోపీ చేసి ఆ ట్యూబు తీసేశారు. మళ్లీ ఇంజెక్షన్లు. అప్పటికి దాని వయసు ముప్పై ఎనిమిది. ఏడు అండాలు వచ్చాయి, చివరికి రెండు పిండాలు మిగిలాయి. ఒకటి పెట్టారు. నిలవలేదు.

అవును, అక్కడా నిలవలేదు. ఆసుపత్రి మారగానే ఒడి నిండుతుందని నేను మీకు రాయలేను. ఆ రోజు డాక్టరమ్మే స్వయంగా ఫోను చేసింది. మర్నాడు పిలిచి, ఏది సరిగా జరిగిందో, ఏది వయసు చేతిలో ఉందో, మిగిలిన ఒక్క పిండానికి ఏం మారుస్తుందో గంటసేపు చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో చెల్లెలు నా భుజం మీద తలపెట్టి చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఈసారి ఏం జరిగిందో నాకు తెలుసక్కా. అంతకుముందు ఎందుకు పోతోందో కూడా తెలిసేది కాదు" అంది.

మిగిలిన ఆ ఒక్కటీ సంక్రాంతి వెళ్లాక పెట్టించుకుంటుంది. అదే ఆఖరని మొగుడూ పెళ్లాం అనుకున్నారు. ఈసారి నేను ఓపిక పట్టమనలేదు, వదిలేయమనలేదు. "నీ ఇష్టం తల్లీ, సంచీ నేను మోస్తాను" అన్నాను.

మీ ఇంట్లో చెల్లెలో, కోడలో, పక్కింటి అమ్మాయో ఇదే దారిలో ఉంటే సలహా చెప్పేముందు ఓసారి దాని మాట వినండి. ఆ తర్వాత ఫైలు ముందేసుకుని ఇద్దరూ కలిసి కూర్చోండి. అడుగున ఉన్న కవరు కూడా తీసి చూడండి.