చదునైన కప్పు: పైన వాన, కింద ఆవిరి

ఐసుముక్కలు వేసిన గ్లాసును బల్లమీద పెట్టి అయిదు నిమిషాలు ఆగండి. గ్లాసు బయట నీటిబొట్లు నిలుస్తాయి. ఆ నీరు గ్లాసులోంచి కారినది కాదని మీకు తెలుసు. గాలిలోని ఆవిరి చల్లని గాజును తాకి నీరయింది. చలిదేశాల్లో చదునైన కప్పు వేసే ఇంజనీర్లకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టేది ఈ బొట్లే!

కెనడాలో చలికాలం అనుకుందాం. బయట ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీల సెల్సియస్, ఇంట్లో 20 డిగ్రీలు. 20 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటిఆవిరిని ఇముడ్చుకోగలదు. మైనస్ 10 వద్ద రెండున్నర గ్రాములైనా పట్టదు. ఇంట్లో సాపేక్ష ఆర్ద్రత 50 శాతం ఉంటే, ఆ గాలి సుమారు 9 డిగ్రీలకు చల్లబడగానే బొట్లు కట్టడం మొదలవుతుంది. ఈ ఉష్ణోగ్రతనే తుషారస్థానం అంటారు.

ఇప్పుడు కప్పును నిలువుగా కోసి చూద్దాం. అడుగున కాంక్రీటు స్లాబు. దానిమీద వేడిని ఆపడానికి థర్మోకోల్ వంటి పలకలు. అన్నిటికన్నా పైన వాన దిగకుండా తారు షీటు. పలకల అడుగు వెచ్చన, పైభాగం గడ్డకట్టే చలి. అంటే 9 డిగ్రీల చోటు ఆ పలకల మధ్యలోనే ఎక్కడో ఉంటుంది. ఇంటి ఆవిరి అక్కడిదాకా ఎక్కిందా, నీరైపోతుంది. పలకల బలమంతా వాటిలో కదలకుండా చిక్కుకున్న గాలిదే. నీరు అటువంటి గాలికంటే 20 రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేస్తుంది. తడిసిన పలక దండగ!

అందుకని స్లాబుకూ పలకలకూ మధ్య, అంటే వెచ్చని వైపున, ఆవిరిని ఆపే పొర పరుస్తారు. గుంటూరు మిరపకాయల శీతలగిడ్డంగుల్లో సంగతి తలకిందులు. అక్కడ వెచ్చదనం బయట, చలి లోపల. కాబట్టి ఆ పొర పలకలకు బయటివైపు ఉండాలి.

ఇక వాన సంగతి. చదును అన్నది పేరుకే. మన మేస్త్రీలు చెప్పే 'వాటం' అక్కడా ఉండాల్సిందే. మీటరుకు రెండు సెంటీమీటర్లు ఉంటే మంచిది. 100 చదరపు మీటర్ల కప్పుమీద ఒక్క సెంటీమీటరు నీరు నిలిస్తే 1000 కిలోల బరువు! మన డాబాలకు పిట్టగోడలోంచి తూము పెడతాం. గడ్డకట్టే చలిలో అలాంటి తూము మంచుతో మూసుకుపోవచ్చు. అందుకే చాలా భవనాల్లో నీటిగొట్టాన్ని మధ్యలోంచి, వెచ్చని గదులగుండా కిందికి దింపుతారు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. గొట్టం దిగాలంటే ఆవిరిపొరకు కన్నం పెట్టాలి. గొట్టం చుట్టూ వేలెడు సందు మిగిలినా, అందులోంచి ఎగబాకే గాలి, చిరుగులేని పొరగుండా చొరబడే దానికంటే ఎన్నో రెట్లు ఆవిరిని మోసుకుపోతుంది.

దీనికి రెండంతస్తుల తూము వాడతారు. కింది భాగానికి ఉన్న వెడల్పాటి అంచుకు ఆవిరిపొరను అతికిస్తారు. పై భాగపు అంచుకు తారు షీటును అతికిస్తారు. పై భాగపు గొట్టం కింది దానిలోకి దూరుతుంది. మధ్యన రబ్బరు వలయం. ఆ వలయం చిన్నదే కాని రెండు పనులు చేస్తుంది. గొట్టంలోని తేమగాలిని పలకల్లోకి పోనివ్వదు. గొట్టం పూడుకుని నీరు వెనక్కి తన్నితే దానినీ ఆపుతుంది. గదుల్లోని గొట్టానికి కూడా తొడుగు చుట్టాలి. లేకుంటే చల్లని వాననీరు దిగేటప్పుడు అది మన ఐసుగ్లాసులాగే చెమర్చుతుంది.

"పలకల్లోకి నీరు దిగితే, పల్లంలో ఆవిరిపొరకు చిన్న చిల్లు పెట్టి కార్చెయ్యకూడదా?" అని మీలో చురుకైనవారు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కాని ఆ చిల్లు నీటిని దింపేది ఎప్పుడో ఒకసారి. ఆవిరిని ఎక్కించేది చలికాలమంతా. పైన షీటు చిరిగిన చోటు వెతికి అతికి, తడిసిన పలకలు తీసి కొత్తవి వెయ్యడమే సరైన పని.

వరస మార్చి ఈ తలనొప్పిని తగ్గించే పద్ధతి మరొకటి ఉంది. స్లాబుమీదే నీరు దిగని షీటు వేసి, దానిపైన పలకలు పేర్చి, అవి లేచిపోకుండా గులకరాళ్లు పోస్తారు. అప్పుడు ఆ ఒక్క షీటే వానను, ఆవిరిని కూడా ఆపుతుంది. తూము దగ్గర అతుకు ఒక్కటే. అయితే పలకలు నీరు పీల్చనివై ఉండాలి. కొంత వాననీరు వాటి కిందికి చేరి షీటుమీద పారుతుంది కనుక, ఆ తూము పలకల పైనుంచీ కిందనుంచీ కూడా నీటిని అందుకునేలా ఉండాలి.