‘భూల్ భులయ్యా’యందు రసవిరోధపరిహారము

హాస్యమునకు భయానక కరుణములు విరోధులని విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమునఁ జెప్పెను. ఆలంబనము వేఱైనను, నడుమ రసాంతరము నిలిచినను విరోధము తొలఁగునని యాలంకారికుల సమాధానము. 1993 నాఁటి మలయాళచిత్రము ‘మణిచిత్రత్తాళు’ననుసరించి ప్రియదర్శన్ 2007లో హిందీలోఁ దీసిన ‘భూల్ భులయ్యా’ యీ రెండింటికిని లక్ష్యము.

పాడువడిన రాజభవనమున మంజులిక యను నర్తకి ప్రేతము తిరుగుచున్నదని బటుకశంకరాది బంధువులు వడఁకుదురు; వారి బెదరుపాటే నవ్వునకాలంబనము. పిదప మనోవైద్యుఁడగు ఆదిత్యుని పరిశోధనమున నద్భుతము నడుమ నిలుచును. తుదకుఁ బ్రేతము లేదనియు, కోడలు అవనియే రోగవశమునఁ దన్ను మంజులికగాఁ దలఁచుచున్నదనియుఁ దేలఁగా శోకముప్పొంగును. ఆ శోకమునకాలంబనము అవని. నవ్వు భీరువులపైఁ బడినదే కాని రోగిణిపైఁ బడలేదు. అట్లు పడినచో రసభంగమే కాదు, నిర్దయత్వమును నగును.