మూడో తీగ తెగినప్పుడు

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే, విండోస్ మొదలు కాకముందే, అడాప్టర్ రకం తెలియడం లేదనీ, సిస్టమ్ నెమ్మదిగా నడుస్తుందనీ, బ్యాటరీ ఛార్జ్ కాదనీ నల్లని తెర మీద హెచ్చరిక కనిపించడం, ఏదో ఒక మీట నొక్కితే తప్ప ముందుకు సాగకపోవడం డెల్ ల్యాప్‌టాప్‌లు వాడేవారిలో చాలామందికి పరిచయమైన ఇబ్బందే. అడాప్టర్ లైటు వెలుగుతూనే ఉంటుంది కనుక లోపం బ్యాటరీదేనని తలచి కొత్తది కొనేవారున్నారు గాని, ఈ సందేశానికి సాధారణంగా బ్యాటరీతో ప్రమేయం ఉండదు.

గోడ సాకెట్ నుంచి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 19.5 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చడం అడాప్టర్ పని. గుండ్రటి పిన్ను ఉండే డెల్ అడాప్టర్లలో కరెంటును మోసే రెండు తీగలకు తోడు సన్నని మూడో తీగ ఒకటి ఉండి, పిన్ను నడుమ సూదిలా కనిపించే మొన దగ్గర ముగుస్తుంది. అడాప్టర్ లోపలి చిన్న మెమరీ చిప్‌లో దాని వాట్లు, వోల్టులు, ఆంపియర్లు నమోదై ఉంటాయి. ఒకే తీగ మీద సమాచారాన్ని పంపే ‘వన్-వైర్’ పద్ధతిలో ల్యాప్‌టాప్ ఆ వివరాలను ఈ మూడో తీగ ద్వారా చదువుకుంటుంది. 65 వాట్ల అడాప్టర్ 3.34 ఆంపియర్లకు మించి ఇవ్వలేదు, 130 వాట్లది దానికి రెట్టింపు ఇవ్వగలదు. తనకు తగిలించినది ఏదో తెలియనప్పుడు స్తోమతకు మించి కరెంటు లాగి దాన్ని వేడెక్కించకుండా ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఆపి, ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించుకుంటుంది. ఇందులో భద్రత ఉన్నమాట నిజమే అయినా, ఇతర కంపెనీల చవక అడాప్టర్లకు ఇది అడ్డుకట్టగానూ పనిచేస్తోందన్నది కాదనలేని విషయం.

వైరును బిగించి చుట్టడం వల్ల, పిన్ను దగ్గర పదే పదే వంగడం వల్ల ముందుగా తెగేది ఈ సన్నని తీగే. లావు తీగలు బాగానే ఉంటాయి కాబట్టి కరెంటు అందుతూనే ఉంటుంది, గుర్తింపు మాత్రం పోతుంది. నడిమి మొన వంగడం, ల్యాప్‌టాప్‌లోని ఛార్జింగ్ జాక్ వదులవడం తరువాతి కారణాలు. చాలా మోడళ్లలో జాక్ మదర్‌బోర్డుకు చిన్న కేబుల్‌తో కలిసే విడి భాగమే కనుక, బోర్డు మార్చాలని మెకానిక్ చెప్పినా ముందు జాక్ సంగతి చూడమని అడగడం మంచిది.

లోపం ఎక్కడుందో తేల్చడానికి అంతే వాట్ల మరో మంచి అడాప్టర్‌ను తగిలించి చూడడమే సులువైన మార్గం. అది దొరకనప్పుడు, ఆన్ చేస్తూ ఎఫ్2 మీట నొక్కితే తెరుచుకునే బయోస్, అంటే విండోస్ కంటే ముందే యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రామ్, తన బ్యాటరీ సమాచారపు పేజీలో అడాప్టర్ వాట్లను చూపుతుంది. పిన్ను దగ్గర వైరును మెల్లగా కదిపి ఆ పేజీని మళ్లీ తెరిచినప్పుడు ఒకసారి 65 వాట్లని, మరోసారి గుర్తు తెలియనిదని కనిపిస్తే తీగ లోపల తెగిందనో, జాక్ వదులైందనో అనుకోవచ్చు.

అదే బయోస్‌లో ‘అడాప్టర్ వార్నింగ్స్’ అనే చోట టిక్ తీసేస్తే సందేశం రాదు గాని, నెమ్మదితనమూ పోదు, బ్యాటరీ కూడా ఛార్జ్ కాదు. ఇంకొందరు సాఫ్ట్‌వేర్‌తో ప్రాసెసర్ వేగానికి ఉన్న కట్టడిని ఎత్తివేస్తారు. ఆ కట్టడికి ఆధారమైన సంకేతాన్నే వేడి విషయంలో హెచ్చరించడానికి కూడా వాడతారు కాబట్టి, అడాప్టర్ ధర మిగుల్చుకోబోయి యంత్రానికే చేటు తెచ్చుకునే పని అది.

యూఎస్‌బీ-సి ద్వారా ఛార్జయ్యే కొత్త ల్యాప్‌టాప్‌ల విషయంలో గుర్తింపు ఈ వన్-వైర్ చిప్ ద్వారా జరగదు. ఛార్జర్, ల్యాప్‌టాప్ పరస్పరం సంకేతాలు పంపుకుని ఎన్ని వోల్టులు కావాలో తేల్చుకుంటాయి. ఇక్కడ కేబుల్‌కూ పాత్ర ఉంటుంది. 3 ఆంపియర్లు దాటాలంటే కేబుల్‌లో గుర్తింపు చిప్ ఉండాలి కాబట్టి, 100 వాట్ల ఛార్జర్‌కు మామూలు కేబుల్ తగిలిస్తే 20 వోల్టుల దగ్గర 60 వాట్లే అందుతాయి. అలాంటప్పుడు నెమ్మదిగా ఛార్జవుతోందన్న సందేశం వస్తే, ఛార్జర్ జోలికి పోకముందు కేబుల్ మార్చి చూడాలి.